పొలం ఎకరం 70 లక్షలు, నెలాఖరుకి చేతిలో సున్నా: మా ఇంటి లెక్క చూసి చెప్పండి

పాలకొల్లు_కోడలు

నమస్కారమండీ అందరికీ. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా ఇంటి లెక్క మొత్తం పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 37, మా ఆయనకి 42. ఆయన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజరు, చేతికి 38 వేలు. నేను ఇంటి దగ్గరే ట్యూషన్లు చెప్తాను, నెలకి 7 వేలు. 2 ఎకరాలు చెరువుకి లీజుకిచ్చాం, ఎకరానికి ఏడాదికి 65 వేలు. దొడ్లోనూ గట్టు మీదా కలిపి 40 కొబ్బరి చెట్లు, దింపు కూలీ పోను ఏడాదికి 30 వేలు. అన్నీ కలిపితే ఏడాదికి 7 లక్షలు.

ఇల్లు గడవడానికి నెలకి 26 వేలు, అత్తమామల మందులు ఇందులోనే. పిల్లలిద్దరి ఫీజులు, బస్సు కలిపి ఏడాదికి లక్షా 10 వేలు. పండగలు, పెళ్ళిళ్ళు, చదివింపులు 90 వేలు. నోటి లెక్క కాదండి, పుస్తకంలో రాసి ఉంది.

అప్పు దగ్గరే వస్తోంది ఇబ్బంది. మామగారి గుండె ఆపరేషన్‌కి తెచ్చింది ఇప్పుడు 6 లక్షలు, నూటికి రెండు రూపాయలు. అంటే నెలకి 12 వేలు వడ్డీకే పోతుంది. బ్యాంకులో బంగారం మీద ఇంకో 3 లక్షలు. ఇవి కాక నెలకి 5 వేల చీటీ. లక్ష చీటీ, 20 నెలలు, 9 అయ్యాయి, ఇంకా పాడలేదు.

మొత్తమ్మీద ఏడాదికి ఓ 40 వేలు తరుగు పడుతోంది. బంగారం లోను పెంచి సర్దుతున్నాం. ఊళ్ళో మాత్రం మేం ఉన్నోళ్ళం! మా పక్క పొలం ఎకరం 70 లక్షలకి అడిగారట.

మా ఆయన అడిగేది ఒక్కటే. 52కి ఉద్యోగం మానేయొచ్చా? ఐసు నీళ్ళలో నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. బాబుకి 12, పాపకి 8.

ఇండెక్స్_కుర్రోడు (ఊరు భీమవరం, ఉద్యోగం హైదరాబాద్)

అక్కా, మీరు ఆల్రెడీ కోటీశ్వరులు! ఆర్థిక స్వేచ్ఛకి ఒక మోటు లెక్క ఉంది. ఏడాది ఖర్చుకి 25 రెట్లు పోగేస్తే, అందులోంచి మొదటి ఏడాది 4 శాతం, ఆ తర్వాత ధరలు పెరిగిన కొద్దీ పెంచుకుంటూ తీసుకున్నా 30 ఏళ్ళు వస్తుందని. 1994లో విలియం బెంగెన్ అనే ఆయన అమెరికా మార్కెట్ల లెక్కల మీద కట్టింది. మన దగ్గర ధరలు ఎక్కువ పెరుగుతాయి కాబట్టి 33 రెట్లు అనుకుందాం.

ఫీజులు, వడ్డీ తీసేస్తే మీ ఖర్చు ఏడాదికి 4 లక్షల 2 వేలు. 33 రెట్లంటే కోటీ 33 లక్షలు. మీ 2 ఎకరాలే కోటీ 40 లక్షలు. అమ్మేసి సగం ఇండెక్స్ ఫండు (షేర్ మార్కెట్ సూచీ వెంటే నడిచే ఫండు), సగం ఎఫ్‌డీ వేసుకోండి. బావగారు రేపే రాజీనామా ఇవ్వొచ్చు.

దింపుకాయ (అంబాజీపేట)

బాగుందయ్యా. పొలం అమ్మేసి ఫోన్లో అంకెలు చూసుకుంటూ కూర్చోమంటావు. మీ తాతగారు ఉంటే నిన్ను గుమ్మం ఎక్కనిచ్చేవాడా?

రిటైర్డ్_క్యాషియర్ (తణుకు)

ఇద్దరూ కాసేపు ఆగండి. నూటికి రెండు రూపాయలు కడుతున్న ఇంట్లో ఇండెక్స్ ఫండు మాటేంటి, పొలం అమ్మకం మాటేంటి? ఏడాదికి 24 శాతం. ఏ ఫండూ ఏ పొలమూ అంత కచ్చితంగా తెచ్చిపెట్టదు. ఆ అప్పు తీర్చడాన్ని మించిన పెట్టుబడి ఈ ఇంటికి లేదు.

అమ్మా, నాలుగు సంగతులు చెప్పండి. ఆ 6 లక్షలకి నోటు రాశారా, ఎప్పుడు రాశారు? బంగారం మొత్తం ఎంత ఉంది? మీ ఆయనకి పీఎఫ్ ఉందా? ఆయన పేరున టర్మ్ పాలసీ (మనిషికి ఏమైనా అయితే ఇంటికి డబ్బొచ్చే బీమా) ఏదైనా ఉందా?

పాలకొల్లు_కోడలు

నోటు 2022లో రాశాం బాబాయ్ గారూ, 5 లక్షలకి. మధ్యలో కొన్నాళ్ళు వడ్డీ కట్టలేకపోయాం. 2025లో నోటు తిరగరాయాలన్నారు, బకాయి కలిపి 6 అయింది.

బంగారం 20 కాసులు. 6 కాసులు బ్యాంకులో ఉన్నాయి. పీఎఫ్ నిన్ననే చూశాం, 4 లక్షల 20 వేలు. టర్మ్ పాలసీ లేదు. కంపెనీ వాళ్ళ గ్రూపు పాలసీ ఏదో ఉందంటారు, కాగితం చూళ్ళేదు.

రిటైర్డ్_క్యాషియర్

అదీ సంగతి. ప్రామిసరీ నోటుకి కాలపరిమితి 3 ఏళ్ళు, అందుకే తిరగరాయమంటారు. తిరగరాసిన ప్రతిసారీ బకాయి వడ్డీ అసలులో కలుస్తుంది. ఆ మీదట ఆ వడ్డీకీ వడ్డీయే. 2028లో మళ్ళీ తిరగరాసే దాకా ఉంచకండి.

ఇప్పుడు లెక్క చూడండి. 6 లక్షల మీద నెలకి 12 వేలు కడుతున్నారు. అదే 6 లక్షలు బ్యాంకులో బంగారం మీద తీసుకుంటే, 9 శాతం అనుకుందాం, నెలకి 4,500. మీ ఇంట్లో ఒక్క రూపాయి ఖర్చు తగ్గించకుండానే నెలకి 7,500 మిగులు. ఏడాదికి 90 వేలు. మీ పండగల ఖర్చంతా ఇందులోంచే వచ్చేస్తుంది.

గ్రాము ధర ఇప్పుడు ఎక్కడుందో చూస్తున్నారుగా, 2025లోనే 10 గ్రాములు లక్ష దాటేసింది. కాసు 8 గ్రాములు. ధరలో 75 శాతం దాకా ఇస్తారు. 20 కాసుల మీద మొత్తం 9 లక్షలూ సర్దుబాటు అవుతాయి.

రెండోది చీటీ. వచ్చే నెలే పాడేయండి. 10 వేలు తగ్గించి పాడారనుకోండి, 90 వేలు చేతికొస్తాయి. అది రెండు రూపాయల అప్పుకి కట్టేస్తే నెలకి 1,800 వడ్డీ ఆగుతుంది, అక్కణ్ణుంచి ఆఖరి చీటీ దాకా 10 నెలలకి 18,000. చివరి దాకా ఆగినా నిర్వాహకుడి కమీషను పోను మీకొచ్చేది 95 వేలే కదా. 5 వేల కోసం 18 వేలు ఎందుకు వదులుకోవడం? చీటీ డబ్బూ బంగారం డబ్బూ ఒకేసారి కుదిరితే, బంగారం మీద అంత తక్కువ తీసుకోవచ్చు.

మీ చీటీ రిజిస్టర్ అయిందేనా? చిట్‌ఫండ్ చట్టం 1982 ప్రకారం రిజిస్టర్ కాని చీటీ నడపడమే నేరం. కమీషను కూడా 7 శాతం మించకూడదు.

పాలకొల్లు_కోడలు

రిజిస్టర్ ఎక్కడండీ, మా వీధిలో ఆవిడే వేస్తారు. మనిషి మంచిదే.

బంగారం మాటే ఇంట్లో తేలట్లేదు. అది నా పుట్టింటి బంగారం. మా అమ్మ దాళ్వా దాళ్వాకీ (రెండో పంట వరి) ఓ కాసు చొప్పున చేయించింది. మొత్తం తీసుకెళ్ళి బ్యాంకులో పెడితే రేపు పెళ్ళికి బోసి మెడతో ఎలా వెళ్తావని మా అత్తగారు.

సరదారాయుడు

పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు గానీ, పుస్తెలు తాకట్టు పెట్టి అప్పు తీర్చాలని ఏ పెద్దలూ చెప్పలేదు 😄

లేసు_అక్క (నరసాపురం)

చెప్పకపోబట్టే తమ్ముడూ సగం గోదావరి జిల్లాలు రెండు రూపాయల వడ్డీలో ఉన్నాయి.

చెల్లీ, మీ అత్తగారు చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. మా సంఘంలో ఇదే గొడవ వస్తుంటుంది. నేను చేయించే పద్ధతి చెప్తాను విను. మొత్తం బంగారం ఒకే లోను కింద పెట్టకు. మూడు నాలుగు లోన్లు చేయించు, విడివిడి సంచుల్లో. గొలుసు ఒకటి, గాజులు ఒకటి, హారం ఒకటి. పెళ్ళిళ్ళకి వేసుకునే ముక్కని చిన్న లోను కింద పెట్టు, ముందు అది విడిపించుకో. ఒకే లోనయితే 9 లక్షలూ కట్టేదాకా ఒక్క వస్తువు బయటికి రాదు. నల్లపూసలు, తాళి ముట్టుకోనే వద్దు.

ఏడాదికొకసారి వడ్డీ కట్టి తిరిగి రాయించుకోవాలి. మర్చిపోతే నోటీసు, ఆ తర్వాత వేలం. ఆ తేదీలు క్యాలెండరు మీద రాసుకో.

డ్వాక్రా సంఘంలో ఉన్నావా? లేకపోతే చేరు. సంఘం లోను మీద పడే వడ్డీకి, వీధిలో వడ్డీకి పోలికే లేదు. నాకైతే ఆ సంఘమే బ్యాంకు. లేసు కుట్టిన డబ్బులు ఏజెంటు దగ్గర నెలల తరబడి ఉండిపోతాయి, అలాంటప్పుడు ఇల్లు నడిచేది దాంతోనే.

చెరువుగట్టు (ఆకివీడు)

లీజు గురించి ఎవరూ అడగట్లేదేంటి? ఈవిడ లెక్కలో 65 వేలు రాయి మీద గీతలా ఉంది.

నేను వనామీ రొయ్య వేస్తాను. లీజుకి తీసుకునేవాడి వైపు నుంచి చెప్తున్నా. 2025 ఆగస్టులో అమెరికా వాడు 50 శాతం సుంకం వేసినప్పుడు మా దగ్గర కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు, కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలనే సైజు లెక్క) ధర పడిపోయింది. నేను వెళ్ళి మా భూస్వామిని లీజు తగ్గించమని అడిగాను. తగ్గించాడు, లేకపోతే చెరువు ఎండబెడతానని తెలుసు ఆయనకి. వైట్ స్పాట్ తెగులు పడి 40 రోజులకే పట్టుబడి (రొయ్యలు పట్టేయడం) చేయాల్సొస్తే ఆ పంటకి లీజు డబ్బు ఎక్కడి నుంచి తెస్తాం? మేత డీలరు దగ్గర అరువు. అరువు మేత రేటు వేరు, రొక్కం మేత రేటు వేరు, ఆ తేడా కూడా వడ్డీయే. పైగా పట్టుబడి ఆయన చెప్పిన వాడికే ఇవ్వాలి. ఈ గొలుసులో ఆఖర్న ఉన్నది మీ లీజు.

అందుకని రెండు మాటలు. లీజు డబ్బు పంటకి ముందే తీసుకోండి, పట్టుబడి తర్వాత ఇస్తానంటే ఒప్పుకోవద్దు. కాగితం మీద ఒక్క షరతు తప్పకుండా రాయించండి: వదిలేసేటప్పుడు గట్లు పూడ్చి, నేల చదును చేసి ఇవ్వాలని. ఏళ్ళ తరబడి ఉప్పు నీళ్ళు నిలబెట్టిన నేల వరికి రావడానికి ఎన్ని సార్వాలు (ఖరీఫ్ పంటలు) పడుతుందో మా ఊళ్ళో చూస్తున్నాం. మీరు తీసుకునే లీజులో కొంత మీ నేల విలువే కరిగి వస్తోంది. అది ఆదాయం కింద మొత్తం రాసుకోకండి.

రాజోలు_మస్కట్

నేను మస్కట్‌లో ఏసీ మెకానిక్‌ని. మా వైపు పద్ధతి తెలుసుగా, పది రియాళ్ళు మిగిలితే ఇంటి మీద ఇంకో అంతస్తు. మేమూ వేశాం, గ్రానైటు, డూమ్ లైట్లు. కింద అమ్మానాన్న ఉంటారు, పైన తాళం. అద్దెకిస్తే 4 వేలు వస్తాయి, ఊళ్ళో అద్దెకుండేవాడెవడు?

ఆ డబ్బు ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లో (బయటి దేశాల్లో ఉండేవాళ్ళకి ఇక్కడి బ్యాంకులిచ్చే ఖాతా) వేసుంటే వడ్డీ మీద ఇక్కడ పన్ను కూడా లేదు. ఆ సంగతి ఓ కూర్గు ఫ్రెండు చెప్పాకే తెలిసింది. తిరిగొచ్చాక ఆ ఖాతా మార్చుకోవాలి, అప్పటి దాకా మాత్రం ఉపయోగం. గల్ఫ్ వాళ్ళెవరైనా చదువుతుంటే పనికొస్తుందని రాస్తున్నా, అక్కగారి ప్రశ్నకి జవాబు కాదులెండి.

ఇండెక్స్_కుర్రోడు

సరే, అప్పు ముందు తీర్చాలి, ఒప్పుకున్నా. కానీ పొలం మీద నా మాట వెనక్కి తీసుకోను. 70 లక్షల మీద 65 వేలంటే ఏడాదికి నూటికి 93 పైసలు. పైన అక్క నూటికి 24 రూపాయలు కడుతోంది. పోనీ ఒక ఎకరం అమ్మి వేరే చోట పెడితే 7 శాతానికి 4 లక్షల 90 వేలు. 65 వేలు ఎక్కడ, 4 లక్షల 90 వేలు ఎక్కడ?

దింపుకాయ గారూ, కోప్పడకుండా చెప్పండి. ఇందులో ఏం తప్పుంది?

దింపుకాయ

కోపం ఏం లేదు బాబూ. నీ లెక్క తప్పనట్లేదు, సగమే చెప్పావంటున్నా.

ఆ 4 లక్షల 90 వేలు మొత్తం తినేస్తే 70 లక్షలు 70 లక్షలుగానే ఉంటుంది. పదేళ్ళయ్యేసరికి దానికి ఏమొస్తుంది? మా నాన్న కౌలు లెక్క బస్తాల్లో పెట్టాడు, రూపాయల్లో కాదు. ధాన్యం ధర పెరిగితే కౌలు దానంతటదే పెరిగేది. మీ ఎఫ్‌డీ అలా పెరగదు. పెరగాలంటే వచ్చిన వడ్డీలో చాలా భాగం మళ్ళీ అందులోనే వెయ్యాలి, అప్పుడు నీ 4 లక్షల 90 వేలు ఓ లక్షో లక్షన్నరో అవుతుంది.

పొలం గొప్పదని నేనూ పాట పాడను. 1996 నవంబరు 6 తుపానుకి మా తోట ఒక్క రాత్రిలో పోయింది. మళ్ళీ నాటిన మొక్క కాపుకొచ్చేసరికి ఆరేడేళ్ళు. ఆ ఆరేడేళ్ళు మమ్మల్ని నిలబెట్టింది మా అమ్మ పోస్టాఫీసు పాసుబుక్కు. 2011లో కోనసీమలో పంట విరామం పెట్టినప్పుడూ అంతే, వరి వేస్తే నష్టం, వేయకపోతే ఆదాయం లేదు. మొన్న 2025 అక్టోబరులో మోంథా తుపాను వచ్చినప్పుడు ఈదురుగాలికి నిద్రపోలేదు. కాబట్టి పొలం ఒక్కటే నమ్ముకోకూడదని నాకూ తెలుసు. కానీ అమ్మితే తిరిగి కొనలేం. అమ్మే ముందు ఆ ఒక్క మాట తలుచుకోమంటున్నా.

రిటైర్డ్_క్యాషియర్

అసలు ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు. ఆ 2 ఎకరాలు ఎవరి పేరున ఉన్నాయి?

పాలకొల్లు_కోడలు

మామగారి పేరునండి. ఆయనకి వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చింది. మా ఆయనకి ఒక చెల్లెలు, ఆవిడ పెళ్ళి 2009లో అయింది.

రిటైర్డ్_క్యాషియర్

అయితే ఆవిడకి అందులో వాటా ఉందమ్మా. పిత్రార్జితంలో ఆడపిల్లకి సమాన హక్కు మన రాష్ట్రంలో 1986లోనే చట్టం అయింది, దేశం మొత్తానికి 2005లో వచ్చింది. కట్నం ఇచ్చేశాం కాబట్టి వాటా లేదు అంటారు ఊళ్ళో. ఆ మాట కోర్టులో చెల్లదు. ఆవిడ తనంతట తాను వదులుకుంటే, అదీ రిజిస్టర్ అయితే, వేరే సంగతి.

కుర్రోడూ, కోటీ 40 లక్షలు ఎంతయిందో చూడు ఇప్పుడు.

ఇండెక్స్_కుర్రోడు

😶 సగం. లీజు కూడా సగం.

ఆగండి, మొత్తం మళ్ళీ కడతా.

సరదారాయుడు

ఈ ఒక్క ప్రశ్నకి పొలం ఎకరం పడిపోయింది.

పాలకొల్లు_కోడలు

నవ్వుకోండి పర్లేదు. మా వదిన ఎప్పుడూ అడగలేదు, ఆషాఢం సారె, సంక్రాంతికి బట్టలు పంపితే అదే చాలంటుంది. కానీ అడగలేదని లేనట్టు లెక్క కట్టుకోకూడదుగా. ఆవిడకీ ఇద్దరు పిల్లలు. ఈ మాట మా ఆయనతో రాత్రి అన్నాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అవును, లక్ష్మికి ఇవ్వాలి" అన్నారు. (పేరు మార్చాను లెండి.)

లేసు_అక్క

ఆ మనిషి మంచోడు చెల్లీ. ఇక మిగతా లెక్కలు అవే కుదురుతాయి.

90 వేల పండగల సంగతి కూడా మాట్లాడుకుందాం. సంక్రాంతికి ఎంత, చదివింపులు ఎంత?

పాలకొల్లు_కోడలు

సంక్రాంతి మూడు రోజులకే 35 వేలు అవుతోందండి. అరిసెలు, పోకుండలు, బట్టలు, ఆడపడుచు కుటుంబం, పందేల బరికి మా ఆయన స్నేహితులతో. పందెం కాయరు, కానీ పదిమందికీ భోజనం మా ఇంట్లోనే. మిగిలింది చాలావరకు చదివింపులే. పెళ్ళికి 2,116 కంటే తక్కువ రాయిస్తే ఎలా?

చెరువుగట్టు

చదివింపుల పుస్తకం తీసి చూడండి. మీ పెళ్ళికి, మీ బాబు పంచెలకి, పాప ఓణీలకి ఎవరెంత రాయించారో అందులో ఉంటుంది. అది వడ్డీ లేని అప్పు, తీర్చాల్సిందే. కానీ 516 రాయించిన వాడికి మనం 2,116 రాయించక్కర్లేదు. నేను ఆ పుస్తకం ముందు పెట్టుకుని, వచ్చినదానికి కొంచెం కలిపి రాయిస్తున్నా. ఎవరూ ఏమీ అనుకోలేదు. పుస్తకంలో లేని వాళ్ళ పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసి, భోంచేసి వస్తాను.

సంక్రాంతి తగ్గించమని మాత్రం నేను చెప్పను. గోదావరి జిల్లాల్లో పుట్టి ఆ మాట నోట రాదు.

పాలకొల్లు_కోడలు

హమ్మయ్య.

ఇండెక్స్_కుర్రోడు

కట్టాను. జీతం పెరుగుదల, ధరల పెరుగుదల రెండూ పక్కన పెట్టి, ఇవాళ్టి రూపాయల్లో:

అప్పులన్నీ బంగారం మీదకి మార్చి, చీటీ పాడి కడితే మొత్తం అప్పు 8 లక్షల 10 వేలు, 9 శాతం. చదివింపులూ పండగలూ కలిపి 50 వేలకి దించగలిగితే, ఫీజులు పోను, వాటా పంచేదాకా లీజు మొత్తం మీకే వస్తే, నెలకి 19 వేలు అప్పుకి కట్టొచ్చు. చీటీ వాయిదాలున్న మొదటి 11 నెలలు 14 వేలే. అలా కడితే ఐదేళ్ళ లోపు, అంటే బావగారికి 47 వచ్చేసరికి, అప్పు లేదు. నూటికి రెండు రూపాయల మీదే ఉండిపోతే 2028లో నోటు మళ్ళీ పెరిగి ఉండేది.

తర్వాత 5 ఏళ్ళు అదే 19 వేలు సిప్‌లో (నెలనెలా ఫండులో వేయడం) వేస్తే, 10 శాతం వస్తుందనుకుంటే, 14 లక్షల పైచిలుకు. పీఎఫ్‌లో ఇక ఒక్క రూపాయి పడకపోయినా 8.25 శాతం ఇలాగే ఇస్తే 4 లక్షల 20 వేలు కాస్తా 9 లక్షల 28 వేలవుతుంది. నెలనెలా పడుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే. రెండూ కలిపి 24 లక్షలు అనుకుందాం.

కావాల్సింది: పండగలు తగ్గించాక 3 లక్షల 62 వేల ఖర్చులోంచి సగం లీజు 65 వేలు, కొబ్బరి 30 వేలు తీసేస్తే 2 లక్షల 67 వేలు. 33 రెట్లు, 88 లక్షలు.

24 ఎక్కడ, 88 ఎక్కడ. అక్కా, 52కి కుదరదు. సారీ.

రిటైర్డ్_క్యాషియర్

ఇంకోటి. బాబుకి ఇప్పుడు 12. అప్పు తీరే ఏడాదికి ఇంటర్ అవుతుంది, ఆ పైన ఇంజనీరింగో ఇంకోటో. నువ్వు సిప్ అంటున్న 19 వేలకి అప్పుడు మొదటి హక్కుదారు వాడే.

ఇండెక్స్_కుర్రోడు

అది మర్చిపోయా. అయితే 24 కూడా రాదు.

పాలకొల్లు_కోడలు

అంటే ఆశ లేదా?

రిటైర్డ్_క్యాషియర్

లేదని ఎవరన్నారమ్మా? మీ ఆయనకి కావాల్సింది పని మానేయడమా, ఆ ఐసు గదిలోంచి బయటపడడమా? రెండూ ఒకటి కాదు. ఇప్పుడు ఆయన ఆ ఉద్యోగం వదల్లేకపోవడానికి కారణం నెలకి 12 వేల వడ్డీ, ఖర్చు కాదు. అప్పు తీరిన రోజున 38 వేల ఉద్యోగం వదిలి, కాళ్ళకి శ్రమ లేని 20 వేల ఉద్యోగానికి వెళ్ళినా మీ ఇల్లు గడుస్తుంది, పొదుపు నెమ్మదిస్తుంది అంతే. మేత కంపెనీలో లెక్కలు రాసే పనో, ల్యాబులో పనో. అనుభవం ఉన్న మనిషి. 52 దాకా ఆగక్కర్లేదు, 47కే ఆ వీలుంటుంది. పూర్తిగా మానడం 60 దగ్గర.

ఈలోగా ఆయనకేమైనా అయితే ఈ లెక్కలన్నీ పోతాయి, కాబట్టి టర్మ్ పాలసీ ముందు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్‌టీ లేదు. పాలసీ వచ్చే లోపు బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి చేయించండి, ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షలు. సురక్ష బీమా 20 రూపాయలు, ప్రమాదానికి 2 లక్షలు. మీ ఇద్దరికీ చేయించండి, 50 ఏళ్ళ లోపే కాబట్టి ఇబ్బంది లేదు. మోకాళ్ళ సంగతి ఫారంలో దాచకండి.

పాపకి 8 అన్నారు. సుకన్య సమృద్ధి ఖాతా 10 ఏళ్ళు నిండేలోపే తెరవాలి. ఇప్పుడు 8.2 శాతం. అప్పుండగా పెద్ద మొత్తాలు వేయకండి, ఏడాదికి కనీసం 250 వేసి ఖాతా బతికించి ఉంచండి. అప్పు తీరాక పెంచుకోవచ్చు, వయసు దాటితే మాత్రం తెరవలేరు.

పీఎఫ్ తీసి అప్పు కట్టాలనిపిస్తుంది. బంగారం లోనుతో పని అయిపోతోంది కాబట్టి దాన్ని కదపకండి.

రాజోలు_మస్కట్

పంట లోనుగా బంగారం పెడితే 4 శాతానికే వస్తుందని మా ఊళ్ళో అందరూ అదే చేస్తారు. అక్కగారు అది ఎందుకు చేయకూడదు?

రిటైర్డ్_క్యాషియర్

పంట రుణం సాగు చేసేవాడికి. 3 లక్షల దాకా 7 శాతం, గడువులో కట్టేస్తే 3 శాతం వెనక్కి, చేతికి 4 పడుతుంది. ఆ చెరువు చేసేది వీళ్ళ లీజుదారు, వీళ్ళు కాదు. నేను కౌంటర్లో కూర్చున్నన్నాళ్ళూ చూశాను, భూమి ఉన్నవాడు పంట లోను తీసుకుని, నిజంగా పండించే కౌలుదారు మూడు రూపాయల వడ్డీకి వెళ్తాడు. మీరు మామూలు గోల్డ్ లోనే తీసుకోండమ్మా.

పాలకొల్లు_కోడలు

అందరికీ దణ్ణాలండి. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం, అత్తగారు కూడా. ఇవీ మేం అనుకున్నవి.

బంగారం 16 కాసులు బ్యాంకులోకి, లేసు అక్క చెప్పినట్టు నాలుగు లోన్లుగా. హారం, నల్లపూసలు ఇంట్లోనే. పెళ్ళికి ఒక్క హారం చాలని అత్తగారే అన్నారు, ఆవిడ గాజులు నాకు ఇస్తానన్నారు కూడా. చీటీ ఈసారి పాడతాను. చీటీ వేసే ఆవిడకి చెప్పాను, కాస్త మొహం ముడుచుకుంది. లీజు కాగితం సంక్రాంతి వెళ్ళాక తిరిగి రాయాలి, అప్పుడు గట్ల షరతు రాయిస్తాం. వదిన వాటా సంగతి మామగారితో ఆయనే మాట్లాడతానన్నారు, నేను మధ్యలోకి రానన్నాను.

ఒక్కటే కుదర్లేదు. పండగలు 50 వేలు నా వల్ల కాదు. 60 రాసుకున్నాం.

చెరువుగట్టు

60 చాలు. సంక్రాంతికి మమ్మల్ని కూడా పిలవండి.

లేసు_అక్క

అప్పు కట్టేటప్పుడు ఒక్కదానివే వెళ్ళకు చెల్లీ, మీ ఆయనతో వెళ్ళు. డబ్బు చేతికి రొక్కంగా ఇవ్వకండి, ఖాతాలో వేసి రసీదు తీసుకోండి. నోటు వెనక్కి అడుగు. పాతది 2022దీ అడుగు, తిరగరాసినప్పుడు అది వాళ్ళ దగ్గరే ఉండిపోయి ఉంటుంది. మా సంఘంలో ఒకావిడకి అప్పు తీరిన నాలుగేళ్ళకి పాత నోటు మీద నోటీసు వచ్చింది.

పాలకొల్లు_కోడలు

అయ్యో, పాత నోటు నిజంగానే వాళ్ళ దగ్గరే ఉందక్కా. ఖాళీ చెక్కు ఒకటి కూడా ఇచ్చాం.

రిటైర్డ్_క్యాషియర్

రెండు నోట్లూ, చెక్కూ మూడూ చేతికి వచ్చాకే చివరి వాయిదా వేయండి. చెక్కు ఇవ్వకపోతే నంబరు చూసుకుని బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టండి. నోటు వెనకాల "పూర్తిగా ముట్టినది" అని వాళ్ళ చేత రాయించి, సంతకం, తేదీ వేయించండి. ఫోటో తీసి ఉంచుకోండి, నోటు చించేయకండి. ఈ పని సోమవారం పెట్టుకోండి, శనివారం అయితే బ్యాంకు రెండోదా నాలుగోదా అని చూసుకోవాలి.